‘వారానికి’ అన్న మాట

మందుల షాపులో కత్తెరతో మాత్రల షీటు కత్తిరించే చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. మొన్న కడియంలో షుగరు మందుల కోసం నిలబడి ఉన్నాను. నా ముందున్న ఒకాయన తల్లి కీళ్ళవాపులకని చీటీ ఇచ్చాడు. షాపులో మనిషి కొత్త. కచ్‌మని షీటు కత్తిరించి, చిన్న పసుపు మాత్రలు కాగితం కవర్లో వేసి, పైన ఏదో గీకి, "వారానికండి" అన్నాడు. ఆయన తలూపి కవరు జేబులో పెట్టుకున్నాడు. ఆ తలూపడం చూసి నేను ఊరుకోలేకపోయాను. ఎందుకు ఊరుకోలేకపోయానో తెలియాలంటే కామేశ్వరి మేడమ్ గురించి చెప్పాలి.

నేను నర్సరీ కూలీని. అంటు కట్టడంలో నా చేతికి పేరుండేది గాని, సంతకం వేలిముద్రే. యాభై దాటాక రాజమండ్రి దగ్గర ఒక ఫార్మసీ కాలేజీవాళ్ళు మందుమొక్కల తోట పెంచడానికి నన్ను పనిలో పెట్టుకున్నారు. అక్కడ మందుల్ని పరీక్షించే పాఠం చెప్పే లెక్చరరు కామేశ్వరి గారు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. వచ్చిన కొత్తలో నన్ను గలిజేరు తెమ్మన్నారు. కాలవగట్టు మీద మోపెడు పీక్కొచ్చి బల్ల మీద పడేశాను. ఆవిడ ఒక్కొక్క తీగ విడదీసి రెండు కుప్పలు పెట్టారు.

"ఇందులో రెండు మొక్కలున్నాయి బాబాయ్ గారూ."

"రెండూ గలిజేరేనమ్మా. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. మా అమ్మ రెండూ కలిపే పప్పులో వేసేది."

"పప్పులో వేస్తే పప్పు ఊరుకుంటుంది. మందులో వేస్తే రోగం ఊరుకోదు."

రెండింటి రసాలూ తీసి, తెల్లపూత పూసిన గాజుపలక అంచున చుక్కలుగా పెట్టి, మందునీళ్ళ సీసాలో నిలబెట్టారు. తరవాత ఆ పలకను నీలం దీపం కింద పెట్టి నన్ను చూడమన్నారు. ఒక చుక్క ఆ నీళ్ళతో పైకి పాకిన దారిలో కనబడిన గీతలు రెండోదాని దారిలో లేవు. "పేరు ఒకటే, సరుకు వేరు. మీరు నాకు పేరు తెచ్చారు. నాకు మొక్క కావాలి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మట్టిలో ఉన్నవాడికి ఈ పిల్ల మొక్క చూపిస్తుందా అనుకున్నాను. అయినా ఆ సాయంత్రం గట్టు మీద రెండు తీగలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎర్రదాని గింజలు పంచెకు అంటుకున్నాయి, తెల్లదానివి అంటుకోలేదు. అన్నేళ్ళూ పంచె దులుపుకున్నాను గాని చూడలేదు.

నాకు చదువు వచ్చింది కూడా ఆ తోటలోనే. మొక్కల ముందు పాతే పేర్ల రేకులు పెయింటరు తారుమారు చేసి, తిప్పతీగ రేకు అడ్డసరం దగ్గర పాతి పోయాడు. "మొక్క తెలిసినవాడే పేరు రాయాలి" అని ఆవిడ నా చేతికి కుంచె ఇచ్చారు. అందరిలా ‘అ ఆ’లతో కాదు, ‘నేలవేము’తో మొదలెట్టాను. రెండేళ్ళకు పేపరు కూడబలుక్కుని చదివేవాణ్ణి. నేర్పేటప్పుడు ఆవిడ "అర్థమైందా?" అని ఎన్నడూ అడగలేదు. "తలూపడం గంగిరెద్దుకీ వచ్చు. ఏం చేస్తారో చేసి చూపించండి" అనేవారు. కాలేజీ పిల్లలు చాటుగా గంగిరెద్దు మేడమ్ అని నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఆ రోజుల్లోనే మా ఆవిడ సత్యవతికి చేతివేళ్ళు వాచి, గిన్నె పట్టుకోవడం కష్టమైంది. పెద్దాసుపత్రిలో డాక్టరు చాలా చెప్పాడు. నేను తలూపాను. బయట షాపువాడు మాత్రలు కవర్లో వేసి పైన రాసి ఇచ్చాడు. అంతకుముందు మందుల కవర్లు పక్కింటి అమ్మాయి చదివిపెట్టేది. ఆ రోజు ఆ పిల్ల చెయ్యి చాస్తే, "అక్కర్లేదమ్మా, నాకొచ్చు" అన్నాను. దీపం కింద కూర్చుని గట్టిగా చదివాను: "వారానికి. ఉదయం ఒకటి." వారం రోజులకు సరిపడా ఇచ్చాడు, రోజూ పొద్దున్నే ఒకటి వేసుకోమన్నాను. సత్యవతి మొహం వెలిగిపోయింది, మాత్రలకు కాదు, నేను చదివినందుకు. షీటులో ఎనిమిది ఉన్నాయి. వారానికి ఏడే కదా అని అనుమానం రాకపోలేదు. కత్తెర అటూఇటూ పోయిందిలే అనుకున్నాను.

ఆరో రోజుకు నోరంతా పూసింది. గంజి కూడా మింగలేకపోయింది. వేడి చేసిందనుకున్నాను. ఏడో రోజు తెల్లవారగానే, "గంజి తాగి మాత్ర వేసుకో, నేను జాజి ఆకు తెస్తాను" అని చెప్పి తోటకు వెళ్ళాను. మేడమ్ వచ్చీరాగానే, నోటిపూతకు నాలుగు జాజి ఆకులు కోసుకుంటానని అడిగాను.

"ఆకుదేముంది, కోసుకోండి. పిన్నిగారు ఏం మందులు వాడుతున్నారు?"

ఇవాళ్టి మాత్ర తీసి సత్యవతికిచ్చాక కవరు నా జేబులోనే ఉంది, ఆఖరి మాత్ర షీటు ముక్కతో సహా. తీసిచ్చాను. చూశారు.

"ఇది ఎలా వేస్తున్నారు?"

"రోజూ పొద్దున్నే. వారానికని రాసుంది కదమ్మా."

"ఎన్ని వేశారు?"

"ఆరు. ఇవాళ్టిది గంజి తాగాక వేసుకోమన్నాను."

ఆవిడ కవరు బల్ల మీద పెట్టలేదు, పడేశారు. "వారానికి ఒక్కటి బాబాయ్! ఏడు రోజులకి ఒక్కటి! ఫోన్ చెయ్యండి!" మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అప్పటికే ఆవిడ స్కూటీ తీశారు. నేను వెనక కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాను. కాలవరోడ్డు మీద మొక్కల లారీ ఒకటి అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. ఆవిడ హారన్ మీద నుంచి వేలు తీయలేదు. ఆ లారీ మీది మొక్కలన్నిటి పేర్లూ నాకు తెలుసు. ఆ క్షణాన ఒక్కటీ గుర్తురాలేదు.

సత్యవతి పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. ఫోను వంటింట్లో మోగుతోంది. మాత్ర అప్పటికే నాలుక మీద ఉంది, పుళ్ళ మంటకు కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తుతోంది. మేడమ్ పరిగెత్తి గ్లాసు పట్టుకున్నారు. "ఉమ్మెయ్యండి పిన్నిగారూ, ఉమ్మెయ్యండి!" పసుపు మాత్ర సగం కరిగి మట్టిలో పడింది.

ఆసుపత్రిలో రక్తం తీశారు. తెల్లకణాలు అడుగంటాయన్నారు. విరుగుడు ఇంజెక్షన్లు మొదలెట్టి, మూడు రోజులు దాటితేగాని ఏమీ చెప్పలేమన్నారు. వరండాలో బెంచీ మీద నేను ఆవిడతో అనరాని మాట అన్నాను. "మీరు నాకు చదువు చెప్పకపోతే పక్కింటి పిల్లచేత చదివించుకునేవాణ్ణి. మీ అక్షరాలే నా ఇంటి మీదికొచ్చాయి." ఆవిడ, "నిజమే బాబాయ్. రెండు గలిజేర్లు చూపించాను గాని, మాటలకీ అదే తిప్పలని చెప్పలేదు" అన్నారు. అని వెళ్ళిపోలేదు. మూడు రోజులూ సెలవు పెట్టి అక్కడే ఉన్నారు. నాలుగోనాడు కణాలు లేవడం మొదలెట్టాయి. మరి రెండు రోజులకు సత్యవతి నోరు విప్పి, "నీ చదువు చల్లగుండ, కాస్త మజ్జిగ పట్రా" అంది. నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఆ తరవాత మేడమ్ పరిశోధన మొక్కల నుంచి మాటల మీదికి మళ్ళింది. ‘వారానికి’ అన్న అదే మాట రాసిన ఖాళీ కవర్లు పట్టుకుని ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చునేవారు, పక్కన నేను. వచ్చినవాళ్ళ చేతికి బఠాణీలిచ్చి, ఎలా వేసుకుంటారో చూపించమనేవాళ్ళం. ఒకాయన ఏడు బఠాణీలు వరసగా పెట్టాడు. ఒకావిడ ఒక్కటే పెట్టింది. మాట మార్చి ‘సోమవారం మాత్రమే’ అని రాయించారు. ద్రాక్షారామం నుంచి వచ్చిన ఒక ముసలావిడ, "సోమవారం నాకు ఉపవాసమమ్మా. మంగళవారం రెండు మింగుతాలే" అంది. ఆ రోజు నుంచి ‘మీకు ఏ వారం ఉపవాసం?’ అన్నది మా మొదటి ప్రశ్న. ఆవిడ ఇప్పుడు వేరే ఊళ్ళో పనిచేస్తున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "పిన్నిగారు ఏం వేసుకుంటున్నారు? చూపించమనండి" అంటారు. సత్యవతి ఫోనుకు మాత్రల డబ్బా చూపిస్తుంది.

మొన్న షాపు దగ్గర, తల్లికి మాత్రలు కొన్న ఆ మనిషి మెట్టు దిగబోతుంటే భుజం మీద చెయ్యి వేశాను.

"బాబూ, మీ అమ్మకి ఈ మాత్ర ఎలా వేస్తావు?"

"మీకెందుకండీ?"

"ఎందుకో తరవాత చెప్తాను. ముందు చూపించు."

షాపాయన మరో షీటు కత్తిరిస్తూ నవ్వాడు. "ఏం తాతగారూ, మీరు డాక్టరా?"

"కాదు బాబూ. ఒకప్పుడు తలూపిన గంగిరెద్దుని."

ఆ మనిషి విసుగ్గా కవరు తీశాడు. "ఇందులో చూపించడానికేముందండీ? వారం రోజులు, రోజూ పొద్దున్నే ఒకటి. ఇప్పుడేగా ఈయన చెప్పాడు."

కత్తెర చప్పుడు ఆగిపోయింది.