రొయ్యల ఎరుపు

కరోనా రెండో వేవ్‌లో, గుజరాత్‌లో అడాజన్‌లోని మా ఫ్లాట్‌లో ముగ్గురికీ వాసన పోయింది: నాకు, మా ఆయనకి, మా అత్తగారికి. మేమిద్దరం జ్వరంతో బయటపడ్డాం. ఆవిడకి మాత్రం ఆక్సిజన్ దిగుతూనే ఉంది. ఆస్పత్రుల్లో మంచాల్లేవు. "ఏదో ఒకటి తినిపించండి, తినకపోతే నిలబడరు" అన్నాడు డాక్టరు ఫోన్లో. ఆవిడేమో గంజి కూడా ముట్టడం లేదు.

"రొయ్యల ఇగురు చెయ్యవే, రెండు ముద్దలు తింటాను" అన్నారు ఒక పొద్దున.

"రుచి తెలీదుగా అత్తయ్యా మీకు?"

"రంగు తెలుస్తుందిగా. నీ తెల్ల గంజి చూస్తుంటేనే ప్రాణం పోయేలా ఉంది."

హజీరా ఫ్యాక్టరీలో మా ఆయనతో పనిచేసే తెలుగాయన రొయ్యలు తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లాడు. మా అపార్ట్‌మెంట్ సొసైటీవాళ్ల తెలివి చెప్పుకోవాలి: బయటినుంచి ఏది వచ్చినా వైరస్ చావాలని ముందు ఎండలో పడేస్తారు. పాల ప్యాకెట్టయినా అంతే. మధ్యాహ్నానికి ఎవరో సంచి మా గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి పారిపోయారు. అప్పుడే వచ్చాయనుకున్నాను; రొయ్యల్ని కూడా ఎండలో పెడతారని తోచలేదు.

తోకలు ఉంచి వండాను. బూడిదరంగు పోయి నిప్పుల్లా ఎర్రబడ్డాయి.

"ఎర్రగా వచ్చాయా?" మంచం మీంచే అడిగారు.

"నిగనిగలాడుతున్నాయి. లేచి కూర్చోండి."

ఆవిడ నిజంగానే లేచి, గోడకి ఆనుకుని కూర్చున్నారు.

అంతలో బెల్లు. ఎదురు ఫ్లాట్ గుజరాతీ అక్క, వాళ్ల మాటలో బెన్. మా చేపల వాసన మీద ఏళ్ల తరబడి నాతో పోట్లాడుతున్న మనిషి. మాస్కు మీద కొంగు కూడా అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గరే నిలబడింది.

"ఏం బెన్, జబ్బుపడ్డా వదలవా?" అన్నాను హిందీలో.

"నీ వంట వాసన ఇన్నేళ్లుగా నేనే కదా పీలుస్తున్నాను! ఇది ఎప్పుడూ వచ్చే కంపు కాదు. కుళ్లింది. ముసలావిడకి పెట్టకు."

"కుళ్లితే ఇంత ఎర్రగా వస్తాయా?"

అనేశాను గానీ, నేను చదివింది జువాలజీ. ఆ ఎరుపు రొయ్యలో ముందునుంచీ ఉండేదే. అది తిన్న నాచులోంచి వచ్చిన కెరోటినాయిడ్ అనే రంగు పదార్థం. ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని బూడిదరంగులో దాచి ఉంచుతుంది, వేడికి వదిలేస్తుంది. తాజాదైనా కుళ్లినదైనా ఎర్రబడుతుంది.

వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. "పొద్దున్నుంచీ ఎండలోనే పెట్టాం మేడమ్, రూలు కదా" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

మొత్తం బాత్రూంలో పారబోశాను. గిన్నెలో పెరుగన్నం కలిపి తీసుకెళ్లాను. అత్తగారు గిన్నెలోకి చూశారు, నా మొహంలోకి చూశారు. కారణం చెప్పాను. "మాడ్చేశానని చెప్పినా బాగుండేదే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు ఆస్పత్రిలో మంచం దొరికింది. వార్డులోకి ఇంటి తిండి పోనివ్వలేదు. మనిషి తిరిగి రాలేదు.

"ఒక్క ముద్ద పెట్టాల్సింది. ఎలాగూ పోయేదే కదా అమ్మ" అంటాడు మా ఆయన, ఇప్పటికీ.

"పోతుందని నీకప్పుడు తెలుసా?" అంటాను. కంచం ముందునుంచి లేచి వెళ్లిపోతాడు.