కారు లోపల కురిసిన వాన

పీట ఇలా దగ్గరికి లాక్కుని కూర్చోండి, మా కారు సంగతి చెబుతాను. పొడి పీటే లెండి. తడి సీట్లన్నీ మా కారులోనే ఉన్నాయి.

వయసు మీదపడ్డాక మగవాళ్ళు తీర్థయాత్రలంటారు. మా ఆయన మాత్రం తనకంటే ముసలి కారును ఇంటికి తెచ్చుకున్నారు. దాని పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయవచ్చు. మా విజయవాడ ఎండకు మడిస్తే మాడిపోతాం, వానకు వేస్తే తడిసిపోతాం.

ఒకనాడు జోరువానలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆగాం. టాపు వేసే ఉంది, నేను లోపల గొడుగు వేసుకుని కూర్చున్నాను. పక్క ఆటోలో ఒకావిడ తొంగిచూసి, "లోపల గొడుగేంటండీ?" అంది.

"బయటకంటే ఇక్కడే ఎక్కువ పడుతోందండీ" అన్నాను.

ఇంటికొచ్చి చీర పిండుకుంటూ మా ఆయనతో తేల్చి చెప్పాను. "ఇంకొక్క చుక్క నా మీద పడిందా, ఈ కారు అమ్మేయాలి."

"పడితే నేనే అమ్మేస్తా" అన్నారు రోషంగా. అనేశాక ఆయన ముఖం చిన్నబోయింది.

ఆ రోజు నుంచి రబ్బర్లు మార్చారు, జిగురు పూశారు. చుక్క ఎక్కడ పడితే చిల్లు అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం. పైన ఎంత పూసినా కింద మడుగు తగ్గలేదు. పైగా ఒక కంపు.

"పాత తోలు వాసనే అది. ఆ దర్జా నీకేం తెలుసు?" అన్నారు.

"గుడి వెనక పూలు పారేసే చోట కూడా ఇదే దర్జా అండీ."

చివరికి ఆయన బయట పైపుతో, నేను లోపల టార్చితో పరీక్షకు దిగాం.

"చుక్క కనపడిందా?" అని అరిచారు.

"ఏ చుక్కండీ? పేరుపెట్టి అడగండి, చాలా ఉన్నాయి."

చూడగా చూడగా నీళ్ళు వెనక సీటు వీపు వెంట దిగుతున్నాయి. టాపు మడతపడే చోట ఒక కన్నం ఉంది. అక్కడ చేరిన నీళ్ళు ఆ కన్నంలోంచి గొట్టం గుండా కారు కిందికి పోవాలట. జడపిన్నుతో కెలికాను. నల్లగా కుళ్ళిన బంతిపూల రేకలు ముద్దలు ముద్దలుగా వచ్చాయి. శుక్రవారం శుక్రవారం కారుకు పూజ చేసి, ఆ మడత మీదే దండ వేసేది ఈయనగారే.

"పూలు కొన్నది నువ్వేగా" అన్నారు.

"కొన్నది దేవుడి పటానికండీ."

ఆయన మళ్ళీ పైపు అందుకున్నారు. కన్నం తెరుచుకోగానే కారు కింద నీళ్ళు ఆవు పోసినట్టు ధారగా పడ్డాయి.

తర్వాత మంగళగిరిలో మా చెల్లెలి గృహప్రవేశానికి అదే కారులో, కొత్త చీరలో బయలుదేరాను. కృష్ణ దాటుతుండగా వాన అందుకుంది. ఆయన ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను నా ఒళ్ళో. సీటు పొడిగానే ఉంది, చీరా పొడిగానే ఉంది. అంతలో అద్దం పైనున్న కుట్టు దగ్గర ఒక చుక్క ఊరింది, ఊగింది, వెళ్ళి సరిగ్గా ఆయన బట్టతల మీద పడింది.

తుడుచుకోలేదు. "నీ మీద పడలేదుగా?" అన్నారు.

"లేదండీ."

"మాటంటే మాట" అన్నారు, చుక్క ముక్కు కొస దాకా జారుతుండగా.

అలా కారు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు దండ స్టీరింగుకు వేస్తున్నారు.

మీ ఇంటి కప్పు ఏ వానకూ కారకుండా, మీరంతా చల్లగా ఉండాలి. ఒకవేళ కారినా, ఆ చుక్క ఆ ఇల్లు కొన్నవాళ్ళ నెత్తినే పడాలి.