వెళ్ళని దారికి గుర్తులు చెప్పాను

2018 అక్టోబరు. సింగపూరులోని పాయా లేబర్‌లో ఒక ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో మా చిన్న ట్రావెల్ ఏజెన్సీ. ఐదు డెస్కులు, గోడకి ఎవరూ చూడని ఒక ప్రపంచ పటం. పదకొండేళ్ళుగా అక్కడ టికెట్లు చేస్తున్న నాకు ఆ ఏడాదే సెల్ఫ్ డ్రైవ్ డెస్క్ ఇచ్చారు. గైడు, టూర్ బస్సు లేకుండా తామే బండి నడుపుకుంటూ తిరగాలనుకునేవాళ్ళకి రోజువారీ దారి, బస ఒక పట్టికగా కూర్చిపెట్టడం ఆ డెస్క్ పని. ఆ పట్టికని ఇటినరరీ అంటాం.

నేను చదివింది ఇంటర్ వరకే. చీరాలలో బట్టల కొట్టు నుంచి నేరుగా సింగపూరు వచ్చాను. నాకు తెలిసిందంతా సెరంగూన్ లైబ్రరీ పెట్టిన భిక్ష. ఆదివారాలు పొద్దున తెరిచేసరికి వెళ్ళి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కో దేశం పట్టుకుని చదివేవాణ్ణి. మంచునదులు కొండల్ని ఎలా చెక్కుతాయో, ఏ సరస్సు నీళ్ళు ఎందుకు పాలు కలిసిన నీలంగా ఉంటాయో చెప్పగలిగేవాణ్ణి. ఎవరైనా "మీరు జియాలజీ చదివారా?" అని అడిగితే ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఆ అక్టోబరులో చోవా చూ కాంగ్ నుంచి మూడు జంటలు వచ్చాయి. అందరూ అరవై అటూ ఇటూ. మగవాళ్ళు ముగ్గురూ ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే పార్కులో కలిసి నడిచే స్నేహితులు. వాళ్ళకి పెద్ద ప్రసాదరావు అంకుల్, షిప్‌యార్డులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య సుగుణ ఆంటీ. మాట్లాడేదంతా మూర్తి అంకుల్. మూడో ఆయన, రెడ్డి అంకుల్, నవ్వడానికే వచ్చినట్టుండేవారు.

వాళ్ళకి క్యాంపర్‌వ్యాన్‌లో న్యూజిలాండ్ తిరగాలని. లోపలే మంచాలు, స్టవ్వు, సింకు ఉండే బండి అది. అమెరికాలో ఆర్వీ అంటారు. ఇక్కడ వానలు ముసురుకునే డిసెంబరు అక్కడ ఎండాకాలం. పది రోజులు కొండల పార్కుల్లో, చివరి మూడు రోజులు నగరంలో. ఆరుగురికీ ఒకే బండి. నడిపేది ప్రసాదరావు అంకుల్, ఎందుకంటే లైసెన్సు ఉన్నది ఆయనకొక్కరికే.

"మా వాడు ఈ ఊళ్ళో నడిపింది సూపర్‌మార్కెట్ ట్రాలీ ఒక్కటేనయ్యా రమణా" అన్నారు మూర్తి అంకుల్.

అందరూ నవ్వారు. ప్రసాదరావు అంకుల్ కూడా నవ్వి, "వైజాగ్ ఘాట్ రోడ్డులో అంబాసిడర్ దించినవాణ్ణిరా. నువ్వప్పుడు సైకిల్‌కి గాలి కొట్టించుకునేవాడివి" అన్నారు.

ఇక్కడ నా పనిలో మొదటి పాఠం ఒకటి చెప్పాలి. ఇండియా లైసెన్సు ఉన్నవాళ్ళు ఇక్కడ కంప్యూటర్ మీద ఒక థియరీ పరీక్ష రాస్తే సింగపూరు లైసెన్సు ఇచ్చేవారు, బండి నడిపి చూపించక్కర్లేదు. కారు కొనడం ఇక్కడ అందరి వల్లా అయ్యే పని కాదు. అందుకని మనవాళ్ళలో చాలామంది జేబులో లైసెన్సు ఉంటుంది, చేతికి స్టీరింగ్ తగిలి ఇరవై ఏళ్ళయి ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. ట్రాలీ మాట విన్నప్పుడే "అంకుల్, చివరిసారి ఎప్పుడు నడిపారు?" అని అడగాలి. పెద్దాయనని స్నేహితుల ముందు అలా అడగడం మర్యాద కాదనుకున్నాను. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం వేరు. అది నేను మొదటి నుంచి చివరి దాకా సొంతంగా కూర్చిన తొలి ఇటినరరీ. ఆయన నడపలేనంటే అది చెత్తబుట్టలోకి పోతుంది.

బండి నడిపేవాళ్ళు సంతకం చేసే డిక్లరేషన్ ఫారంలో ఒక గడి ఉంటుంది: గత రెండేళ్ళుగా క్రమం తప్పకుండా బండి నడుపుతున్నారా? ఆ గడిలో టిక్కు నేనే పెట్టి, ఫారం ఆయన వైపు తిప్పాను. ఆయన చదివారు. ఒక్క క్షణం నా వైపు చూశారు. సంతకం చేశారు.

నవంబరులో బ్రీఫింగ్‌కి, అంటే బయల్దేరే ముందు దారి వివరించే సమావేశానికి, అందరూ మళ్ళీ వచ్చారు. ఆంటీలు కారప్పూస తెచ్చారు. నేను తెలుగులో పన్నెండు పేజీల కాగితాలు తయారు చేశాను. చివరి పేజీలో 'చదవదగిన పుస్తకాలు' అని పట్టిక కూడా పెట్టాను. మంచునది గురించి అరగంట మాట్లాడాక మూర్తి అంకుల్ ఆపారు.

"ఇదంతా బాగుందయ్యా. ఇంతకీ నువ్వు వెళ్ళావా అక్కడికి?"

ఆరుగురూ నా వైపు చూస్తున్నారు.

"రెండుసార్లు అంకుల్. నేనే నడిపాను" అన్నాను.

నేను ఏ దేశంలోనూ ఏ బండీ నడపలేదు. నాకు లైసెన్సు లేదు.

"అక్కడ వంతెనలు ఒక్క బండి పట్టేంతే ఉంటాయట. ఎదురుగా ఇంకొకడు వస్తే?" అన్నారు మూర్తి అంకుల్.

నాకు తెలియదు. కానీ రెండుసార్లు నడిపినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? "ముందు వచ్చినవాళ్ళు ముందు వెళ్తారంకుల్. అక్కడి జనం మంచివాళ్ళు, ఆగుతారు" అన్నాను. ప్రసాదరావు అంకుల్ బుద్ధిమంతుడైన విద్యార్థిలా ఆ మాట కాగితం అంచున రాసుకున్నారు.

అందరూ లిఫ్టు దాకా వెళ్ళాక సుగుణ ఆంటీ గొడుగు మర్చిపోయానంటూ వెనక్కి వచ్చారు. గొడుగు ఆవిడ చేతిలోనే ఉంది.

"బాబూ, ఇక్కడికొచ్చాక ఆయన బండి ముట్టలేదు. నేను వద్దంటే మూర్తిగారి ముందు చిన్నతనం అంటారు. నువ్వు వద్దంటే వింటారు. బస్సు టూరైనా మాకు పర్వాలేదు. నువ్వు వెళ్ళొచ్చినవాడివి కదా, చెప్పు, నడపగలరా?"

"మన ఈసీపీ హైవే మీద వెళ్ళినట్టే ఉంటుందాంటీ. ట్రాఫిక్ కూడా ఉండదు. భయపడకండి" అన్నాను.

ఆవిడ ముఖం తేటపడింది. నా చేతిలో కారప్పూస పొట్లం పెట్టి వెళ్ళిపోయారు.

డిసెంబరులో వాళ్ళు బయల్దేరిన నాలుగో రోజు. పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ ఆన్ చేస్తుండగా ఫోన్ మోగింది. అక్కడ మధ్యాహ్నం రెండు. అటువైపు సుగుణ ఆంటీ. వెనకాల ఎవరో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడుతున్నారు.

జరిగింది ఇది. కొండ దారిలో పొడవాటి ఒంటి వరస వంతెన వచ్చింది. అటు చివర దుంగలు మోసే లారీ ఇంకా దూరంలో ఉంది. ముందు వచ్చింది తామే కదా అని అంకుల్ బండి ఎక్కించారు. లారీ ఆగలేదు. ముందు వెళ్ళే హక్కు దానిదే. రెండు చివర్లా ఉన్న బోర్డుల మీద బాణం గుర్తులు అదే చెబుతున్నాయి. నడి వంతెన మీద రెండు బండ్లూ ముక్కులు ఆనించినట్టు నిలబడ్డాయి. వెనక్కి వెళ్ళాల్సింది అంకుల్. ఏడు మీటర్ల బండి ఆయన చేతుల్లో వెనక్కి రాలేదు. కమ్మీకి రాసుకుని పక్క అద్దం ఊడి నదిలో పడింది. లోపల వెనక కూర్చున్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. అంకుల్ స్టీరింగ్ పట్టుకుని అలాగే బిగుసుకుపోయారు. సుగుణ ఆంటీ దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వంతెన మీద వెనక్కి నడిచి, ఆగిపోయిన కార్లకి చేతులు జోడించారు. చివరికి ఎవరో రైతు భార్య కారు దిగి వచ్చి, అంకుల్‌ని పక్కకి జరగమని, బండిని వెనక్కి తీసి ఒడ్డున పెట్టింది.

"ముందు వచ్చినవాళ్ళు ముందు అన్నావు కదా బాబూ? ఇక్కడ అందరూ ఆ బోర్డు చూపిస్తున్నారు" అన్నారు ఆంటీ.

అది నేను నిజం చెప్పవలసిన క్షణం. నేనన్నది ఇది: "బోర్డు ఉంటే బోర్డే చూడాలి కదాంటీ. అంకుల్ చూసుకోవద్దూ?"

"సరే నాయనా" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. బాబూ కాస్తా నాయనా అయింది.

ప్రసాదరావు అంకుల్ ఆ తరవాత స్టీరింగ్ ముట్టలేదు. రెండు రోజులు ఒక చిన్న ఊరి క్యాంప్‌గ్రౌండ్‌లో కూర్చున్నారు. బండిని అక్కడే అప్పగించి బస్సులో నగరం చేరారు. నేను పేజీన్నర రాసిచ్చిన తోటలూ, ట్రాములూ, మ్యూజియాలూ చూశారట. ఫోటోల్లో ఐదుగురే ఉన్నారు, ప్రసాదరావు అంకుల్ లేరు.

జనవరిలో మా ఏజెన్సీ మీద ఫిర్యాదుతో అందరూ ఆఫీసుకి వచ్చారు. మా మేనేజర్ అడగగానే నేను ఫైల్లోంచి డిక్లరేషన్ ఫారం తీసి బల్ల మీద పెట్టాను. టిక్కు నాది, సంతకం ఆయనది.

"చెప్పాను కదయ్యా, ట్రాలీ అని! ఆరుగురి ప్రాణాలు! చేతకాకపోతే చేతకాదనాలిరా ప్రసాదూ, అంత పరువేమిటిరా నీకు?" అన్నారు మూర్తి అంకుల్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ప్రసాదరావు అంకుల్ ఫారం వైపు చూసి, నా వైపు చూసి, "తప్పు నాదేరా" అన్నారు. నేను ఫారం మళ్ళీ ఫైల్లో పెట్టేశాను. మేనేజర్ నా భుజం తట్టి, కాగితాలు పద్ధతిగా ఉంచానని మెచ్చుకున్నాడు.

మేలో ఒక ఆదివారం చోవా చూ కాంగ్ లైబ్రరీకి ఒక పుస్తకం కోసం వెళ్ళాను. కిటికీ దగ్గర ప్రసాదరావు అంకుల్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. తప్పుకుపోదామనుకునేలోపే చూశారు. ఆయన ముందున్నది నా చదవదగిన పుస్తకాల పట్టికలో మొదటిది. సెరంగూన్ నుంచి నేను మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్న గైడు అది.

"కూర్చో" అని ఒక పేజీ నా వైపు తిప్పారు. చివరి అధ్యాయం, డ్రైవింగ్ గురించి. వంతెన బోర్డుల బొమ్మలు, బాణాలు, ఏ బాణం ఉంటే ఎవరు ఆగాలో, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆ ఒక్క అధ్యాయం చదవలేదు. నాకు డ్రైవింగ్ రాదు కనుక నాకెందుకని వదిలేశాను.

"నువ్వెప్పుడు వెళ్ళావు రమణా అక్కడికి?" అన్నారు.

"వెళ్ళలేదంకుల్. నాకు బండి నడపడం కూడా రాదు."

ఆయన కోప్పడతారనుకున్నాను. పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "నేను వాకింగ్ మానేశాను. చేతకానివాణ్ణని వాళ్ళు అనుకోవడం నిజమే, దానికేం లేదు. కానీ కావాలని వాళ్ళ ప్రాణాలు పణంగా పెట్టానని మూర్తి అనుకుంటున్నాడు. వంతెన సంగతి నువ్వు చెప్పింది వాడూ విన్నాడు, అయినా ఆ మాట నేనంటే బోర్డు చూడనందుకు సాకు అంటాడు. నువ్వు చెప్తావా వాడికి?"

"చెప్తానంకుల్" అన్నాను.

చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. రెండు ఆదివారాలు ఆ పార్కు దాకా వెళ్ళి, మూర్తి అంకుల్‌ని దూరం నుంచి చూసి, రైలెక్కి వెనక్కి వచ్చేశాను. మూడో ఆదివారం ఎదురెళ్ళి అన్నీ చెప్పాను. వెళ్ళలేదని, వంతెన మాట అక్కడికక్కడ కల్పించానని, టిక్కు నేనే పెట్టానని, సుగుణ ఆంటీ వద్దనమని అడిగితే నేను ధైర్యం చెప్పి పంపానని.

ఆయన నన్ను తిట్టలేదు. "సుగుణమ్మ నిన్ను అడిగిందా?" అని ఒక్కటే అడిగి, వాకింగ్ ఆపేసి, చెమట చొక్కాతోనే ప్రసాదరావు అంకుల్ వాళ్ళ ఫ్లాట్ల బ్లాక్ వైపు నడిచారు. నేను వెనకాల వెళ్ళాను. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు గేటు తీసింది సుగుణ ఆంటీ.

"వాడున్నాడా అమ్మా?" అన్నారు మూర్తి అంకుల్.

"ఉన్నారు. లోపలికి రండి అన్నయ్యగారూ."

ఆయన చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. "ఒరేయ్ ప్రసాదూ" అనడం వినిపించింది. ఆంటీ నన్ను చూశారు. గేటు వేయలేదు. రమ్మనీ అనలేదు. కాసేపు అక్కడే నిలబడి లిఫ్టు దగ్గరికి వచ్చేశాను.

చదివినదాన్ని చూసినట్టు చెప్పడం అబద్ధమని ఆ పనిలో నాకు ఎవరూ నేర్పలేదు, ఆ కుటుంబం మీద నేర్చుకున్నాను. ఇప్పటికీ ఆ డెస్క్ మీదే ఉన్నాను, ఇప్పటికీ లైబ్రరీకి వెళ్తాను. ఫారం మీద టిక్కు పెట్టించే ముందు నడిపే మనిషిని పక్కకి పిలిచి, ఒంటరిగా, చివరిసారి ఎప్పుడు నడిపారని అడుగుతాను. "మీరు వెళ్ళారా?" అని ఎవరైనా అడిగితే, "లేదండీ, పుస్తకాల్లో చదివాను" అంటాను. ఆ మాట విని కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనిస్తాను.