మూత బిగించని సిరాసీసా

ఆ సిరాసీసా మూత బిగించకుండా వదిలేసింది నేను. ముప్పై ఏళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేనూ, నా పక్క బల్ల కుర్రాడూ విశాఖలో రేవు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ట్రేసర్లం. ఇంజనీరు పెన్సిలుతో గీసిన పటం మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనబడే గీతల్ని నల్ల సిరాతో దిద్దడం మా పని. ఒకరి సీసాలో ఇంకొకరు కలం ముంచకూడదని ఆ గదిలో కట్టుబాటు. సిరా ఎంత చిక్కగా ఉండాలో ఎవరి లెక్క వాళ్లది. ఆ కుర్రాడు జాలరి ఇంటివాడు. గీత పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టేవాడు.

ఒకరోజు అతను భోజనానికి వెళ్లిన సమయంలో నా సిరా గడ్డకట్టింది. అతని సీసా తీసి కలం నింపుకున్నాను. మూత పైపైన ఆనించి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

అతను తిరిగొచ్చి, మేమందరం చేసినట్టే, సీసాను మూత పట్టుకుని ఎత్తాడు. మూత చేతిలోకి వచ్చింది. సీసా పటం మీద పడింది. మూడు వారాలుగా దిద్దుతున్న జెట్టీ పటం నల్లబడిపోయింది.

"సేపలు పట్టుకోవలసినోడివి, కలమెందుకు పట్టినావురా?" అని మేనేజరు అందరి ముందూ అరిచాడు.

అతను తలవంచుకున్నాడు. "మూత బిగించడం మరిసిపోనాను సార్."

నిజంగానే మరిచిపోయాననుకున్నాడు. ఆ సాయంత్రమే అతని పని పోయింది. నా ఉద్యోగం ఖాయమవబోయే నెల అది. తలెత్తకుండా గీతలు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత అతను పేరున్న చిత్రకారుడయ్యాడు. మొన్న వన్ టౌన్‌లో అతని సిరా బొమ్మలకు మ్యూజియం తెరిచారని తెలిసి వెళ్లాను. ఉల్లిపాయల బస్తాలు దించుతున్న లారీ పక్కనుంచి దూరి లోపలికి అడుగుపెట్టాను. ఒకప్పటి ఓడల కంపెనీ గిడ్డంగి అది. గానుగ సున్నం గోడలు, చేతికందనంత ఎత్తున టేకు దూలాలు.

ఎదురుగా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే కాగితం. తెప్పలున్నాయి. ఇసుక మీద ఆరేసిన వల ఉంది, ఒక్కో కన్నూ లెక్కపెట్టొచ్చు. సముద్రం ఉండాల్సిన చోట మాత్రం ఒక్క గీత లేదు, ఉత్త తెల్ల కాగితం. అయినా కెరటం వెనక్కి లాగినప్పుడు పాదాల కింద ఇసుక జారినట్టయింది నాకు. పక్క బొమ్మలో ఉక్కు ఫ్యాక్టరీ పొగ. నీళ్ల సిరా ఎక్కడ ఆగి కాగితం ఎక్కడ మొదలైందో కళ్లజోడు తుడుచుకుని చూసినా తెలియలేదు. సిరాతోనే బతికినవాణ్ణి, సిరా ఇంత చేయగలదని ఎరగను. చెప్పులు విడవమని అక్కడ ఎవరూ అడగరు. నేనే గుమ్మం దాకా వెళ్లి విడిచి వచ్చాను.

ఒక అద్దాల పెట్టెలో ఇసుక నింపిన కొబ్బరిచిప్ప, అందులో నిలబెట్టిన సిరాసీసా ఉన్నాయి. బొమ్మలు చూపించే అమ్మాయి వివరిస్తోంది: "కుర్రతనంలో సీసా ఒలికించేసి ఉద్యోగం పోగొట్టుకున్నారంటండి. అప్పట్నుంచి సీసా బల్ల మీద పెట్టరు, ఇలా నేల మీదే. మూత మూడుసార్లు తడుముకుంటారు. 'నా సెయ్యిని నమ్మకూడదమ్మా' అంటారు."

చూడ్డానికొచ్చినవాళ్లు నవ్వారు. నా వల్ల అతనికి పోయింది ఉద్యోగమొక్కటే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇంతటి బొమ్మలు వేసిన చేతిని అతను నమ్మడం లేదు.

అతను వెనక వరండాలో టీ తాగుతున్నాడు. చూడగానే గుర్తుపట్టాడు.

"ఏటి బావా, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి? జుట్టెక్కడ దాసేసినావ్?"

నాకు నవ్వు రాలేదు.

"బొమ్మలు సూసినావా?"

"సెప్పులిప్పేసి సూసినాను బావా."

"గుడేటి ఇది!" పగలబడి నవ్వాడు.

అతని కుడిచెయ్యి పట్టుకున్నాను. వేళ్ల సందుల్లో సిరా మరక ఉంది.

"ఆ రోజు నువ్వు మూత బిగించే ఎల్లినావ్ బావా. తీసింది నాను. సరిగ్గా ఎట్టనేదు. ఆ తిట్లు నావి. నీ సెయ్యి ఏ తప్పూ సెయ్యనేదు. ఇన్నేళ్లూ నోరిప్పనేకపోనాను. తప్పయిపోనాది బావా."