మిషన్‌లో నా గొంతు

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. రావిర్యాల దగ్గర నేను పనిచేసే చిన్న కంపెనీ నుంచి మా ఊరి పాలకేంద్రానికి కొత్త మిషన్ వస్తోందని ఇంట్లో చెప్పానో లేదో, ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి. "నా బిడ్డ చేసిన మిషన్ వస్తున్నది!" అందులో నా పని డ్రైవర్లు చూసుకోవడమే, అంటే మిషన్ లోపల అన్నిటినీ నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక్కో పరికరంతో మాట్లాడించే ప్రోగ్రాములే అని చెప్పి చూశాను. "డ్రైవర్ లేంది బండి నడుస్తదా?" అంది.

పాలు పోస్తే తూకం వేసి, ఫ్యాట్ చూసి, చీటీ ఇచ్చి, పైకి చదవడం ఆ మిషన్ పని. చదివే గొంతు నాది. ఆఫీసులో వేరే ఆడగొంతు దొరక్క నాతోనే రికార్డు చేయించారు. మొదటి పొద్దున అమ్మ అందరికంటే ముందు క్యాన్ పట్టుకుని నిలబడింది. నేనూ పక్కనే ఉన్నాను. పాలు పోయగానే చీటీ మీద ఫ్యాట్ ఉండాల్సిన చోట పిచ్చి గీతలు వచ్చాయి. "దయచేసి మళ్ళీ పోయండి" అంది మిషన్. మళ్ళీ పోసింది. మళ్ళీ అదే మాట. వెనక వరుసలోంచి మా పెద్దమ్మ అందుకుంది.

"గీ పిల్ల ఇంట్ల ఎన్నడన్న దయచేసి అన్నదా?"

అందరూ పడీపడీ నవ్వారు. "మొదటిరోజు గదా, సిగ్గుపడుతున్నది" అని అమ్మ సర్దబోయింది కానీ, కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కేంద్రం చూసుకునే అన్న మాత్రం గడువు పెట్టేశాడు. "సోమారం దాక చూస్త చెల్లె. గప్పటికి గిట్లనే ఉంటే పాత మిషనే పెట్టుకుంట."

ఆఫీసుకు వెళ్ళేసరికి మా సీనియర్ కేబుల్ తప్పని తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదు. పొద్దున విన్న గొంతు నాదే అయినా నాలా లేదు. వెనక కుక్క తరుముతున్నట్టు సన్నగా, తొందరగా పలికింది. కేబుల్ పాడైతే గొంతెందుకు మారుతుంది? అలాంటిదే ఇంకో పెట్టె విప్పి చూశాం. లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఒక క్రిస్టల్ ఉంటుంది. సెకనుకు అది ఎన్నిసార్లు కొట్టుకుంటుందో దాన్నిబట్టే మిగతావన్నీ తమ వేగం లెక్కేసుకుంటాయి. పాత బోర్డుల్లో అది ఇరవై నాలుగు మెగాహెర్ట్జ్‌ది. ఆ రకం దొరక్క ఈ విడతలో బోర్డులు చేసేవాళ్ళు ఇరవై ఆరుది వేసి పంపారు, మాకు ఒక్క ముక్క చెప్పకుండా. డ్రైవర్లలో మాత్రం ఇరవై నాలుగే రాసి ఉంది. ఫ్యాట్ పరికరం ఒక వేగంతో చెప్తుంటే, బోర్డు ఇంకో వేగంతో వింటోంది.

"ఇరవై నాలుగు తీసి ఇరవై ఆరు పెట్టు చెల్లె, పని అయిపాయె," అన్నాడు సీనియర్. ఆ అంకె రాసింది ఆయనే.

"మరి పాత బోర్డులు ఏం గావాలె అన్నా? రెండు రకాలు కలిసిపోయినయ్, డబ్బాలకు సీల్ పడ్డది, ఏ దాంట్ల ఏదున్నదో తెల్వది. డ్రైవర్లల్ల అంకెనే ఉండొద్దు. వేగం ఎంతున్నదో అడిగి తెల్సుకోవాలె."

"అడిగితే చెప్పెటోడు ఎవడు?"

లినక్స్‌లో అడిగే పద్ధతి ఉంది. కానీ ఎవరో ఒకరు దానికి ముందుగా నిజం చెప్పి ఉంచాలి. ఆ ఒకరెవరో నాకూ తెలియదు. పాత బోర్డొకటి, కొత్తదొకటి సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆదివారం మా గల్లీకి ముర్మురాల సైకిల్ వచ్చింది. అమ్మే ఆయన ఒక్కోసారి ఒక్కో డబ్బా తెస్తాడు. అమ్మ దానికి తగాదా పడదు. ఇంట్లోంచి తన ఇత్తడి సోల తెచ్చి, ఆయన డబ్బాలో ఎన్ని సోలలు పడతాయో కొలిచి, అప్పుడు బేరం మొదలుపెడుతుంది.

"నీ డబ్బా ఏదన్న గానీ, నా సోల మారది గద," అంటోంది.

గడప మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. మా బోర్డు మీదా ఒక సోల ఉంది! తేదీ, టైము చూసుకోవడానికి చేతిగడియారాల్లో ఉండేలాంటి చిన్న క్రిస్టల్. అన్ని విడతల్లోనూ అది ఒకటే రకం. అది కొన్నిసార్లు కొట్టుకునేలోపు పెద్దది ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెడితే, పెద్దది ఏ రకమో తేలిపోతుంది.

ముర్మురాలు నములుతూనే కూర్చున్నాను. కరెంటు ఇచ్చి బోర్డు లేవగానే కొలిచే ప్రోగ్రాం రాసి, ఆ కొలతను లినక్స్ చేతికి ఇచ్చాను. ఫ్యాట్ పరికరం మాట వినే సీరియల్ పోర్టు డ్రైవర్, స్పీకర్ డ్రైవర్, ఏది కనబడితే దాన్లోంచి ఇరవై నాలుగును కలుపు పీకినట్టు పీకేసి, నీ వేగమెంత అని అడిగే లైను పెట్టాను.

సోమవారం పొద్దున సీనియర్ కూడా కేంద్రానికి వచ్చాడు, పాత బోర్డున్న పెట్టె ఒకటి వెంట తెచ్చుకుని మరీ. నా ప్రోగ్రాం ఎక్కించిన మెమరీ కార్డు ముందు దాంట్లో పెట్టాడు. చక్కగా పలికింది. అదే కార్డు తీసి కేంద్రంలోని కొత్తదాంట్లో పెట్టాడు. అమ్మ పాలు పోసింది.

"ఫ్యాట్ ఆరున్నర" అంది మిషన్, నా గొంతుతో, నా తీరులో, నింపాదిగా. చీటీ కడిగిన ముత్యంలా వచ్చింది.

"ఒక్కటే కార్డు గదా?" అన్నాడు సీనియర్.

"అవ్ అన్నా, ఒక్కటే."

"మిగిలిన మిషన్లల్ల గూడ గిదే ఎక్కిద్దాం."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వేశాను కూడా. పాలకేంద్రపు అన్నేమో పాత మిషన్‌ను మూలకు నెట్టేశాడు.

వరుస మాత్రం కదలడం లేదు. అమ్మ చీటీ పట్టుకుని మిషన్ ముందే నిలబడిపోయింది. "జర జరుగే, మేం పొయ్యొద్దా?" అని పెద్దమ్మ కసిరింది.

"ఉండక్కా. నా బిడ్డ మాట్లాడుతున్నది."

పెద్దమ్మ ఈసారి నవ్వలేదు. అమ్మ పక్కకు జరిగి, ఖాళీ క్యాన్ చంకన పెట్టుకుని, చివరి మనిషి పాలు పోసేదాకా అక్కడే నిలబడి విన్నది.