తిరగబెట్టిన హెపటైటిస్ సి, మా చప్పిడి కూడు

కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ తిరగేస్తూ మా ఆయన ఆ టార్పాలిన్ పట్టా మీదే చతికిలబడ్డారు. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో ఆ ఎండకి ఎవరైనా కూర్చుంటారు, వింతేమీ లేదు. కానీ ఈయన కూర్చునే రకం కాదు. పక్క చేలో పనికి కూడా ఎగబడి వెళ్ళే మనిషి. "ఏమైందండీ?" అంటే, "ఏం లేదే, కాళ్ళు పీకుతున్నాయి" అన్నారు. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. ఈయన అన్నం వదిలేసేసరికి నాకు భయమేసింది.

గుంటూరు తీసుకెళ్ళాను. అంటే ఈడ్చుకెళ్ళాను. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎక్కువున్నాయన్నారు. ఇంకో పరీక్షలో హెపటైటిస్ సి అని తేలింది. రక్తంలో వైరస్ ఎంతుందో తెలిపే వైరల్ లోడ్ చూశారు, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ తీశారు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. "లివర్ గట్టిపడుతోంది. పూర్తిగా దెబ్బతినే సిర్రోసిస్ దాకా ఇంకా పోలేదు. వైరస్ పోతే లివర్ నిలబడుతుంది. పోకపోతే మాత్రం ప్రమాదమే." కుర్రతనంలో ట్రాక్టర్ బోల్తాపడి తొడ విరిగినప్పుడు ఈయనకి రక్తం ఎక్కించారు. దానివల్లే వచ్చి ఉండొచ్చన్నారు. లివర్ అనగానే ఊళ్ళో ప్రతివాళ్ళూ "మీ ఆయన తాగుతాడా?" అని అడగడమే. టీ తప్ప ఏమీ తాగరు మొర్రో అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

రోజుకో బిళ్ళ, పన్నెండు వారాలు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే, "ఏమీ లేవండి" అని ఈయన ఠక్కున చెప్పారు. కోర్సు అయ్యాక చూస్తే వైరల్ లోడ్ నాట్ డిటెక్టెడ్, అంటే వైరస్ కనబడలేదు. "సంబరం అప్పుడే వద్దు, మూడు నెలల తర్వాత చేసేదే అసలు పరీక్ష" అని ఆవిడ చెప్పినా ఈయన వింటేగా! ఊరంతా టముకు వేసొచ్చారు. మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే డిటెక్టెడ్. తిరగబెట్టింది.

ఆ మాట డాక్టరమ్మ నోటివెంట రాగానే ఈయన గుండెల మీద రుద్దుకుంటూ, చొక్కా జేబులోంచి ఓ బిళ్ళ తీసి, ఆవిడ ఎదురుగానే గుటుక్కున మింగేశారు.

"అదేంటండీ?" అన్నారావిడ.

"గ్యాస్ బిళ్ళండి. మంటగా ఉంటేనూ."

"రోజూ వేసుకుంటారా?"

"పొద్దున లేవగానే. మిరపకాయ తినేవాడికి అది లేకపోతే ఎట్లాగండి?"

"వేరే మందులు వాడుతున్నారా అని అడిగితే లేవన్నారు కదా!"

"ఇది మందేంటండీ, గ్యాస్ బిళ్ళేగా!"

డాక్టరమ్మ తల పట్టుకున్నారు. ఆ వైరస్ బిళ్ళ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలట. ఈయన రోజూ ముందు ఆ యాసిడ్‌ని ఆపి, దాని వెనకే వైరస్ బిళ్ళ వేసుకున్నారు. "ఖచ్చితంగా ఇదే కారణం అనలేను, కానీ అయ్యుండొచ్చు" అన్నారావిడ. మా వైపు ఏ ఇంట్లో చూసినా ఉప్పు డబ్బా పక్కనే గ్యాస్ బిళ్ళలుంటాయి. దాన్ని మందుగా లెక్కేసేవాళ్ళు ఎవరున్నారు?

"దారులు మూసుకుపోలేదు" అని ఆవిడే అన్నారు. మూడు మందులు కలిసిన బిళ్ళ ఒకటి ఉందట, అది మనకి దొరకడం కష్టమట. రెండోది, పాత బిళ్ళకే రైబావిరిన్ అనే ఇంకో మందు కలిపి ఇరవై నాలుగు వారాలు వాడటం. "దాంతో నీరసం వస్తుంది, రక్తం తగ్గుతుంది. నేను చూసుకుంటాను. గ్యాస్ బిళ్ళ మాత్రం నన్ను అడక్కుండా ముట్టుకోకూడదు. మంట రాకుండా కారం మానేయండి."

ఇంటికొచ్చాక మా వదిన అందుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ బిళ్ళలు నీకు పడవురా. చక్కగా కామెర్ల పసరు పోయించుకో." ఈయన తల ఊపారు! నాకు ఒళ్ళు మండిపోయింది. "పసరు తాగితే లివర్ ఇంకా పాడవుతుందని ఏ డాక్టర్నడిగినా చెప్తారు. వదినా, నీ తమ్ముడు నీకు కావాలి, నాకు అంతకన్నా కావాలి. ఈయన లేకపోతే నేను ఉండలేను, అంతే!" అని గట్టిగా అనేశాను. అన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. మా వదిన కళ్ళు తుడుచుకుంది. ఈయన తలొంచుకుని, "రేపు గుంటూరు వెళ్ళి ఆ రెండో మందే తెచ్చుకుందాంలేవే" అన్నారు.

అలా మా చప్పిడి కూడు మొదలైంది. కల్లం నిండా మిరపకాయలు, కంచంలో మాత్రం కారం లేని పప్పు, పెరుగన్నం. "ఇది తిండా, శిక్షా?" అని ఈయన గొణుగుడు. నేనూ అదే తిన్నాను. "నువ్వెందుకే, పచ్చడేసుకో" అనేవారు. "మీరు ఎదురుగా ఆ మొహం పెట్టుక్కూర్చుంటే నాకు పచ్చడి దిగుతుందా?" అనేదాన్ని. నవ్వేవారు.

రెండో నెలకి హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. మంచినీళ్ళకని లేచినా ఆయాసం. "నావల్ల కాదే, మానేస్తాను" అన్నారు. మానొద్దని నేను బతిమాలలేదు. నేరుగా డాక్టరమ్మకి ఫోన్ చేసిచ్చాను. "ఆపకండి, రైబావిరిన్ డోసు తగ్గిద్దాం" అన్నారావిడ. తగ్గించాక మెల్లిగా తేరుకున్నారు. కోర్సు పూర్తయింది. ఈసారి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు ఆగి పరీక్ష చేయించాం.

"నాట్ డిటెక్టెడ్. వైరస్ పోయినట్టే" అన్నారు డాక్టరమ్మ. నేను ఏడ్చేశాను. ఈయన నా వీపు మీద చెయ్యి వేశారు. ఆసుపత్రిలో అందరి ముందూ!

గట్టిపడిన లివర్ కాబట్టి ఆరు నెలలకోసారి స్కాన్‌కి వెళ్ళాలి, వెళ్తున్నాం. మొన్న వెళ్ళినప్పుడు వరండాలో ఓ పెద్దాయన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకీ తిరగబెట్టిందట. "ఇంకెందుకు, ఇంటికెళ్ళిపోతా" అంటున్నాడు. నేను మీకు చెప్పాలనుకున్న సలహా మా ఆయనే నాకంటే ముందు ఆయనకి చెప్పేశారు. "నాకూ ఫెయిలైంది బాబాయ్. లే. లోపలికెళ్ళి ఇంకే మందుందో అడుగుదాం, పద." ఆయన లేవలేదు. మా ఆయన ఆ ఫైలు చంకలో పెట్టుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేపి, డాక్టరమ్మ గది తలుపు కొట్టారు.