మెర్సీ చూడని ఇల్లు

పొద్దున్నే ఆరింటికి మెర్సీ ఫోన్ మోగిందంటే ఎక్కడో ఒక పిల్లి చావుబతుకుల మధ్య ఉన్నట్టే. మంచి కబురు చెప్పడానికి ఆ వేళప్పుడు ఎవరూ ఫోన్ చేయరు. లారీ ఇంజన్లో దూరిన పిల్లి, మోరీలో పడ్డ కూన, అట్టపెట్టెలో పెట్టి పైన టేపు కూడా బిగించి బస్టాండులో వదిలేసిన కళ్లు తెరవని నాలుగు పిల్లలు. ఆ టేపు వేసిన చేతులు విరగ్గొట్టాలని ఆమెకు చాలాసార్లు అనిపించింది. కానీ తిట్టుకుంటూ కూర్చుంటే పాలెవరు పడతారు? అందుకని ఆ తిట్లేవో సిరంజిలో పాలు నింపుతూనే తిట్టేది.

మెర్సీకి ముప్ఫై ఆరేళ్లు. చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. భర్త ఎల్లస్వామి కంపెనీ బస్సు నడుపుతాడు. పిల్లులంటే గిట్టని మనిషేం కాదు గానీ, పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు బూట్లలో పిల్లి పడుకుని ఉంటే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు. తల్లి బిక్షమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆమెది చిట్యాల దగ్గర పల్లె. నలభై ఏళ్లు ఒకరి చేలో కూలి చేసి, మోకాళ్లు అరిగిపోయాక బిడ్డ దగ్గరికి వచ్చేసింది.

లాక్‌డౌన్‌లో హైవే మీది హోటళ్లు మూతపడ్డప్పుడు వాటి వెనకాల బతికే పిల్లులు ఎండిపోయాయి. అప్పుడు మెర్సీ గిన్నెలో అన్నం కలుపుకుని రోడ్డు మీదికి పోయింది. సెల్‌ఫోన్లు బాగుచేసే ప్రవీణ్ వాట్సాప్‌లో గ్రూపు పెట్టి ‘పిల్లికో ఇల్లు’ అని పేరు రాశాడు. రోజూ హైదరాబాదుకు బస్సులో పోయివచ్చే మనస్విని, దెబ్బలు తగిలినవాటిని అక్కడి డాక్టర్లకు చూపించే పని నెత్తికెత్తుకుంది. ఇంతే, ముగ్గురు. ఈ ముగ్గురే ఇప్పటికి నలభైకి పైగా పిల్లులను ఇళ్లకు చేర్చారు.

మొదట్లో అడిగినవాళ్లకల్లా ఇచ్చేవారు. ఫోన్‌లో చాలా తియ్యగా మాట్లాడిన ఒకామెకు ఒక కూనను ఇస్తే, అది మూడోనాడే మూతలేని సంపులో పడి చచ్చింది. ఆ రోజు మెర్సీ ఒక రూలు పెట్టింది. ఇల్లు చూడనిదే పిల్లిని ఇవ్వొద్దు. వాకిలి, వంటిల్లు, పెరడు, సంపు మూత, మేడ మీది పిట్టగోడ, అన్నీ చూడాలి. ఇచ్చాక మూడు నెలలపాటు ప్రతి ఆదివారం పిల్లి ఫొటో ఒకటి గ్రూపులోకి రావాలి. ఈ రూలు విషయంలో ఆమె ఎవరి మొహమాటానికీ లొంగేది కాదు. అపార్ట్‌మెంట్లలో అడుగుపెడితే మంచాల కిందకు వంగి చూసేది, సింకు కింద అలమర తెరిచేది. ‘సంబంధం చూడటానికి వచ్చినోళ్లు గూడ ఇంతగనం చూడరమ్మా’ అని ఇంటివాళ్లు నవ్వితే, తనూ నవ్వుతూ రెండో అలమర తెరిచేది.

అట్లాంటి మెర్సీ ఒక ఇల్లు చూడకుండా వచ్చేసింది.

పత్తి తీతలు అయిపోతున్న రోజులవి. తల్లి ఊరి నుంచి రఘుపతి అనే రైతు ఫోన్ చేశాడు. ఊళ్లో పెద్ద కుటుంబం. బిక్షమ్మ నలభై ఏళ్లు కూలి చేసింది ఆ ఇంటి చేలలోనే. మనవరాలు పిల్లికూన కావాలని ఏడుస్తోందట, ఇంట్లో ఎలుకలు కూడా ఎక్కువైనాయట, రెండు తెచ్చిపెడితే బాగుంటుందట. ఆ ఆదివారమే మెర్సీ బుట్టలో రెండు కూనలను పెట్టుకుని స్కూటీ మీద బయలుదేరింది. ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది.

ఇనుపగేటు తీసే ఉంది. అరుగు మీద కుర్చీలో రఘుపతి కూర్చుని ఉన్నాడు.

“ఎవలు బిడ్డా?”

“నేను మెర్సీని పటేలా. బిక్షమ్మ బిడ్డను.”

“అరె, మన బిక్షమ్మ బిడ్డవా! మంచిగున్నదా అమ్మ? రా మరి, గట్లనే నిలవడ్డవేంది?”

రమ్మనే అన్నాడు. ఆ గొంతులో ఏ కల్మషమూ లేదు. అయినా మెర్సీ కాళ్లు కింది మెట్టు దగ్గరే ఆగిపోయాయి. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని ఈ వాకిట్లోకి వచ్చినప్పుడల్లా ఆగిన జాగా అదే. హైదరాబాదులో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లోకి చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయిన కాళ్లు, ఇక్కడ ఒక్క మెట్టు ఎక్కలేకపోయాయి. ‘మా పద్ధతి పటేలా, ఇల్లొకసారి చూస్తం’ అనే మాట గొంతుదాకా వచ్చింది.

“ఏమన్న అడగాల్నంటరట గదా. అడుగు” అన్నాడు రఘుపతే.

“ఏం లేవు పటేలా. మీ ఇల్లు చూసేదేమున్నది?” అంది మెర్సీ.

లోపలి నుంచి ఆయన భార్య యాదమ్మ కాగితం కప్పులో చాయ్ తెచ్చి మెట్టు మీద పెట్టింది. మెర్సీ నిలబడే తాగింది. మనవరాలు బుట్టలో చేయిపెట్టి నల్లకూనను తీసుకుని కేరింతలు కొడుతూ లోపలికి పరిగెత్తింది. సాయంత్రం గ్రూపులో పెట్టాల్సిన ఫారంలో ‘ఇల్లు చూశారా?’ అన్న చోట మెర్సీ ‘చూసినం’ అని రాసింది. రాస్తుంటే సిగ్గేసింది. అయినా రాసింది.

మొదటి ఆదివారం ఫొటో వచ్చింది. నులకమంచం మీద రెండు కూనలు. రెండో ఆదివారం కూడా రెండూ ఉన్నాయి. మూడోవారం నల్లది లేదు. అడిగితే ‘ఆడుకోవోయింది’ అని జవాబు. నాలుగోవారమూ లేదు. ఆ సోమవారం రఘుపతి ఫోన్ చేశాడు.

“నల్లది కనవడ్తలేదు బిడ్డా. కుక్కలెత్తుకపోయినయేమో. మనవరాలు అన్నం తింటలేదు. జర ఇంకోటి తేరాదు?”

మెర్సీ ఆ కబురు ప్రవీణ్‌కు చెప్పింది. పిల్లి కనబడకపోతే మళ్లీ పోయి ఇల్లు చూడాలన్నది కూడా తను పెట్టిన రూలే.

“ఓసారి పోయి చూసొద్దామా అక్కా? గోడ పొట్టిగున్నదేమో” అన్నాడు ప్రవీణ్.

“నేను చూసిన గదా తమ్మీ. అంతా మంచిగనే ఉన్నది” అంది మెర్సీ.

పోయి చూద్దామంటే ముందు చూడలేదని ఒప్పుకోవాలి. నలుగురికీ నీతులు చెప్పే మనిషికి అది మింగుడుపడే మాట కాదు. ఇవ్వనంటే ఎందుకివ్వవో చెప్పాలి, అదీ పటేలుకు. ఇట్లా ఎటూ చెప్పలేక, ఇంట్లో ఉన్న చుక్కను తీసుకుపోయి ఇచ్చింది.

చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రటి కూన. తల్లి రోడ్డు మీద చచ్చిపోతే, అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు మెర్సీకి దొరికింది. మూడు గంటలకోసారి పాలు పట్టి, తన పాత స్వెట్టర్లో చుట్టి, బిక్షమ్మ ఒళ్లో వెచ్చగా పడుకోబెట్టి బతికించింది. ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకుందామని కూడా అనుకుంది. ఆ చుక్కనే తీసుకుపోయి, మళ్లీ ఆ కింది మెట్టు దగ్గరే నిలబడి, మనవరాలి చేతిలో పెట్టి వచ్చింది.

ఆ వారం కంపెనీలో మందు డబ్బాలు సర్దుతున్నా, ఇంట్లో కూర తరుగుతున్నా ఆమె మనసు ఒక చోట నిలవలేదు. ఆదివారం ఫొటోలో చుక్క ఉంది, బూడిదరంగుది లేదు. తర్వాతి ఆదివారం చుక్క ఒక్కతే. ఈసారి మంచం మీద కాదు, ఏదో గది గడప మీద కూర్చుని ఉంది. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. సోమవారం పొద్దున డ్యూటీకి పోయే ముందు మెర్సీ ఆ ఫొటోను మళ్లీ వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి చూస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న బిక్షమ్మ మెడ చాచి చూసింది.

“గిది పటేలింటి గింజల అర్ర గదనే” అంది.

“నీకెట్ల తెలుసమ్మా?”

“ఎట్ల తెలుసంటవేందే? ఎనుక దర్వాజకెంచి మమ్ముల్నే తోల్తుండె. అర్ర ఊడ్చేది నేనే, ఎలుకల మందు పెట్టేది నేనే. నూకలల్ల నల్లటి మందుపొడి, ఇంత నూనె కలిపి మూలమూలకు పెట్టేది. చేతులు మూడుసార్లు కడుక్కున్నా ఆ వాసన పోకపొయ్యేది.” బిక్షమ్మ ఫొటోలో గడప పక్కన వేలు పెట్టింది. “గీ మందు మూకుడు గదే ఉన్నట్టున్నది. నువ్వు ఇల్లు చూసినన్నవు గదా. గీ అర్ర చూడలేదా?”

తల్లి చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని బిడ్డ మొహం వైపే చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట తల్లిని ముందే అడిగి ఉంటే సరిపోయేది. నలభై ఏళ్లు ఆ ఇంటి వెనక తలుపు గుండా తిరిగిన మనిషి ఇంట్లోనే ఉండగా, ఆ ఇంట్లో ఏముందో మెర్సీ అడగలేదు.

డ్యూటీ ఎగ్గొట్టి, స్కూటీ తీసుకుని హైవే ఎక్కింది. చిట్యాల దాకా ఎట్లా పోయిందో ఆమెకే గుర్తులేదు. దారి పొడవునా ఒకటే మాట, చుక్క బతికుండాలి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు, చీవాట్లు తినొచ్చు, గ్రూపులోంచి పొమ్మంటే పోవచ్చు. చుక్క ఒక్కటి బతికుంటే చాలు.

అరుగు మీద ఎవరూ లేరు. మెర్సీ కింది మెట్టు దగ్గర ఆగలేదు. మెట్లెక్కి, హాలు దాటి, వంటిల్లు దాటి, ఇల్లంతా తనదే అన్నట్టు పోయింది. యాదమ్మ గంటె పట్టుకునే వెంట వచ్చింది.

“ఏందే బిడ్డా, ఏమైంది?”

గింజల అర్ర చల్లగా, చీకటిగా ఉంది. బస్తాల సందుల్లో మట్టి మూకుళ్లు, వాటిలో నల్లగా మెరుస్తున్న నూకలు. నూనె వాసన, దాని వెనక ఇంకేదో ఘాటు వాసన. మూలన నీళ్ల గిన్నె పక్కన చుక్క పడుకుని ఉంది. పొట్ట వేగంగా ఎగిరి పడుతోంది. నోటి చుట్టూ బొచ్చు తడిసి ఉంది. మెర్సీ చేయి తగలగానే కళ్లు తెరిచింది, గుర్తుపట్టినట్టే చూసింది గానీ తల లేపలేకపోయింది.

“మందు ఉన్న అర్రల పిల్లిని తోలిన్రా పటేలమ్మా?” అంది మెర్సీ.

యాదమ్మకు నిజంగానే అర్థం కాలేదు. “మందు ఎప్పటిసంది పెడ్తనే ఉన్నం గదనే. మీ అమ్మనే కలుపుతుండె. నీకు తెల్వదా? తెలిసే ఇచ్చినవనుకున్న.” ఏ కోపమూ లేకుండా అడిగింది. “వచ్చిన్నాడే లోపటికొచ్చి చూడకపోయినవు? ఎవలొద్దన్నరు నిన్ను?”

తను మెట్టు దగ్గర నిలబడిన రెండుసార్లూ వద్దన్నవాళ్లు లేరు. పైగా రమ్మన్నారు. చుక్కను చున్నీలో చుట్టుకుని బయటికి నడిచింది.

చిట్యాల పశువుల దవాఖానకు చేరేసరికి చుక్కకు మూర్ఛలు మొదలయ్యాయి. డాక్టర్ సూది వేశాడు, గొంతులోకి గొట్టం పెట్టాడు, చేయగలిగిందంతా చేశాడు. అరగంట తర్వాత చేతులు కడుక్కుంటూ, “నూనె వాసనకు నాకినట్టున్నది. లేకుంటే మందు తిన్న ఎలుకను తిన్నదో. చిన్న పాణం గదమ్మా, ఆగలే” అన్నాడు. మెర్సీ ఏడవలేదు. బల్ల మీద చుక్క ఎంత చిన్నగా ఉందో చూస్తూ నిలబడింది. పాత స్వెట్టర్లో చుట్టినప్పటి కంటే చిన్నగా కనబడింది.

దవాఖాన బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని ప్రవీణ్‌కు ఫోన్ చేసింది. అంతా చెప్పింది. మెట్టు దగ్గర ఆగడం, ‘చూసినం’ అని రాయడం, రెండోసారి కూడా అబద్ధం చెప్పడం, మూడు కూనలు పోవడం. తనను తాను ఏ మాటతోనూ వెనకేసుకురాలేదు. ప్రవీణ్ తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

“అక్కా” అన్నాడు ప్రవీణ్. “గిట్ల చూడకుండనే చూసినమని రాసినయి ఇంకెన్నున్నయి?”

‘ఇదొక్కటే తమ్మీ’ అనబోయింది. నోరు తెరిచింది కూడా. అప్పుడు మునుగోడు దిక్కున్న ఒక పెంకుటిల్లు కళ్ల ముందుకు వచ్చింది. అక్కడ వేపచెట్టు కింద నిలబడే మాట్లాడి వచ్చింది. నారాయణపురం పోయే దారిలో పెద్ద గేటున్న ఇంకో ఇల్లు. అక్కడ గేటు బయటే బుట్ట అందించింది. ఆ రెండిళ్లవాళ్లూ తల్లికి తెలిసిన పెద్ద రైతులే. రెండిళ్లకూ కలిపి ఐదు కూనలు. ఆ రోజుల్లో అవి చూడని ఇళ్లని ఆమెకు తోచనే లేదు. పెద్దోళ్ల ఇండ్లు గదా అనుకుని రాసేసింది.

ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి గ్రూపు తెరిచింది. నారాయణపురం నుంచి నిన్న ఫొటో వచ్చింది, కూనలు రెండూ ఉన్నాయి. మునుగోడు ఇంటి నుంచి రెండు ఆదివారాలుగా ఏమీ రాలేదు. తను గమనించనే లేదు.

“ఇంకా రెండున్నయి” అంది మెర్సీ. “దుకాణం మూసి బండి తియ్యి తమ్మీ. మునుగోడు దిక్కు రా. నేను ఇటునుంచి ఇటే పోతున్న.”